మైదానానికి సోషల్ గైడు అట్ట

మన స్కూలు పాత విద్యార్థుల కమిటీ తరఫున మన గోళీసోడా (అసలు పేర్లు వద్దు, ముద్దుపేర్లే రాస్తాను) ఫోన్ చేసింది. "సంచికకి ఏదో ఒకటి రాసియ్యి. రెండు పేజీలు దాటొద్దు. కోతీ లడ్డూ కథ మాత్రం వద్దు మే, ఇప్పటికే ముగ్గురు రాసిచ్చినారు" అంది. సరే, ఆ కథ వద్దు. ప్రేయర్ గంట ఎవరు దాచారో కూడా రాయను, ఆవిడ ఇప్పుడు ఒక స్కూలుకి హెడ్‌మిస్ట్రెస్. లెక్కల టీచర్ గొడుగు జోలికి అసలే పోను.

ఆరు నుంచి తొమ్మిది దాకా నాకు గుర్తున్నవి రెండే. వానొస్తే కారే మూల, కపిలతీర్థం పిక్నిక్‌లో చివరి బెంచీ దాకా రాని పులిహోర. పదో తరగతి మాత్రం కళ్ళ ముందే ఉంది. అందులోనూ 1984 బ్రహ్మోత్సవాల ముందు ఆ పదకొండు రోజులు.

స్టాఫ్ రూము పక్కన పచ్చ బీరువా, అదే మన లైబ్రరీ. తలుపు లోపలివైపు అతికించిన కాగితం మీద ఎర్ర సిరాతో 'బాలికలకు ఇవ్వరాదు' అని రాసి, కింద పది పుస్తకాల పేర్లు. పదహారో ఎక్కం ఇప్పటికీ తడబడతాను గానీ ఆ పది పేర్లూ వరసగా చెప్పగలను. బీరువాలోవి మనకు దక్కవు కాబట్టి గాంధీ రోడ్డులో అద్దె పుస్తకాల అంగడికి పోయి, రోజుకు పావలా లెక్కన చలం నవల 'మైదానం' తెచ్చాం. తలా ఐదు పైసలు. బొట్టుబిళ్ళ మాత్రం ఇవ్వలేదు, ఈసారి కలిసినప్పుడు వడ్డీతో వసూలు చేయాలి.

చదివింది వాళ్ళింటి మిద్దె మీదే. వాళ్ళమ్మ పైకొచ్చి "ఎవురు రాసిందిమే అది?" అని అడిగింది. ఎవరో "చలం" అనేసింది. అందరికీ చెమటలు. "అరుణాచలం పోయి రమణాశ్రమం కాడ ఉండిపోయినాయనే గదా? చదువుకోండి, పుణ్యం" అని మురుకులు పెట్టి పోయింది. ఆమె చెప్పింది అబద్ధం కూడా కాదు. 1950లో చలం కుటుంబంతో అక్కడికే చేరాడు. కాకపోతే ఈ పుస్తకం అంతకు చాలా ముందుది.

ఆ ధైర్యంతోనే సోషల్ గైడు అట్ట వేసి క్లాసుకి తెచ్చాం. పట్టుకున్నది సుద్దముక్క టీచర్. అట్ట తీసి చూసి, ఏమీ అనకుండా సంచీలో వేసుకుని పోయింది. తిట్టి ఉంటే అన్నం సహించేది. నాన్నకు చెబుతుందని నేనూ, టీసీ ఇచ్చేస్తారని వైర్‌లెస్సూ. అంగడాయన రోజుకు పావలా లెక్కపెడుతూనే ఉన్నాడు.

పన్నెండో రోజు పిలిచింది. పుస్తకం బల్ల మీద పెట్టి, "నాలుగు చోట్ల మడతపెట్టినారు. ఆ నాలుగు పేజీలే నలిగినాయి. మిగతావి కొత్తగానే ఉండాయి. పుస్తకం చదివుంటే తిట్టేదాన్ని. చదవనోళ్ళను ఏమని తిట్టేది?" అంది. ఇంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

ఆ తర్వాత ఆవిడే బీరువా తాళం తీసి, ఎర్ర సిరా జాబితాలో మూడో పేరు చేతిలో పెట్టింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి', రెండు భాగాలు. "రాసింది వేలూరు జైల్లో. గవర్నమెంటు దీన్ని ఒకసారి కాదు, రెండుసార్లు నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చినాకే విడుదల చేసినారు. ఎందుకు నిషేధించినారో సోమవారం వచ్చి చెప్పండి."

వేలూరంటే మన ఊళ్ళ జనం ఆసుపత్రికి పోయే వేలూరే. అక్కడ జైల్లో కూర్చుని నవల రాశారా అని ఆశ్చర్యం. రెండుసార్లు నిషేధించారంటే ఎంత ఘోరంగా ఉంటుందోనని ఎగబడ్డాం. ఎక్కడా ఏమీ లేదే! భజనలు, పొలాలు, కూలి తగాదా. సంగదాసును భూస్వామి కొట్టి చంపాక బొట్టుబిళ్ళ ఏడ్చింది. నాకు నిజం చెప్పాలంటే విసుగు పుట్టింది.

సోమవారం ఎవరం నోరు విప్పలేదు. కిటికీ పక్కన కూర్చునే ఆ పిల్ల లేచింది. ఐదేళ్ళలో తనంతట తాను లేచి మాట్లాడడం అదే మొదలు. "ఇది మా పల్లె మాదిరే ఉంది టీచర్. మా ఊర్లో అందరికీ తెలిసిందే. దీన్ని దాచిపెడితే ఎవరికి లాభం?" అంది. టీచర్ చాలాసేపు సుద్దముక్క తిప్పుకుంటూ నిలబడింది. గంట కొట్టేశారు. ఆ పిల్లది ఏ పల్లో ఐదేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదని అప్పుడు తెలిసింది. అప్పుడూ అడగలేదు.

తర్వాత ఇంటర్, పెళ్ళి, పాప. పాపను అమ్మ దగ్గర వదిలి ఎస్వీ యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్. ఇరవై ఆరేళ్ళుగా చిత్తూరులో ఒక కాలేజీ లైబ్రరీ నా చేతిలో ఉంది. నేను చేరినప్పుడు తొమ్మిది వేల పుస్తకాలు, ఇప్పుడు ముప్పై ఒక్క వేలు. అద్దాల బీరువాలకు తాళాలు తీయించేశాను. అమెరికాలో 1982 నుంచి ఏటా నిషేధిత పుస్తకాల వారం జరుపుతారని చదివి, మేమూ ఒక ఏడాది బల్ల పరిచి పుస్తకాలు పెట్టాం. ఒక పిల్ల తండ్రి గొడవకు వచ్చాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆయన వేలు పెట్టి చూపించిన పుస్తకాన్నే ఆయన పేరు మీద రాసిచ్చాను. రెన్యువల్‌కి రెండుసార్లు వచ్చాడు.

'మైదానం' మొత్తం చదివింది ముప్పై అయిదో ఏట. ప్లీడరు మొగుణ్ణి వదిలి అమీర్‌తో వచ్చేసిన రాజేశ్వరి, అతను ఇంకో పిల్ల మీద మనసు పడితే తానే పోయి ఆ పిల్లను తెస్తుంది. నాకు ఒళ్ళు మండింది, చలం మీద కూడా. ఆ తర్వాత తంజావూరు కవయిత్రి ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనం' చేతికొచ్చింది. స్త్రీలు వినదగనివి ఉన్నాయని వీరేశలింగం గారంతటివారు తప్పుపట్టింది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది, ప్రకాశం పంతులు పూనికతో 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. అందులో రాధ కూడా తాను పెంచిన ఇళను తానే కృష్ణుడికి కట్టబెడుతుంది. కానీ తర్వాత అలుగుతుంది, మండిపడుతుంది, ఆయన వచ్చి బతిమాలేదాకా దిగిరాదు. రాజేశ్వరికి ఆ పాటి అలక ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది. సుద్దముక్క టీచర్ బతికుంటే ఈ మాట చెప్పి తిట్టించుకునేదాన్ని.

ఇంకొక్కటి. 'మాలపల్లి' రెండో భాగం ఆ ఏడాది బీరువాకి తిరిగి రాలేదు. టీచర్ తన జీతంలోంచి డబ్బు కట్టింది, ఎవరు తీసుకుపోయారని అడగలేదు. మన వాట్సాప్ గ్రూపులో నలభై ఒక్క మంది ఉన్నాం. కిటికీ పక్కన కూర్చున్న ఆమె లేదు. నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు పంపండి. పుస్తకం సంగతి అడగను. ఏ పల్లో అడగాలి.