మెదెజీన్‌లో నాలుగో రోజు

పొద్దున్న ఆరింటికే మెలకువ వచ్చేసింది. కిటికీ తీస్తే చల్లగాలి, వణికించే చలి మాత్రం లేదు. కొలంబియాలోని ఈ ఊరు చుట్టూ కొండలున్న లోయలో, సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. భూమధ్యరేఖకి దగ్గర కావడంతో ఏడాది పొడవునా ఇంచుమించు ఇదే వాతావరణం, అందుకే ఎప్పుడూ వసంతమే ఉండే ఊరని పేరు. నా గదిలో ఏసీ లేదు సరికదా ఫ్యాన్ కూడా లేదు. అక్టోబరు ఉక్కలో విజయవాడ నుంచి వచ్చినదాన్ని, ఫ్యాన్ చప్పుడు లేకుండా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో.

డబ్బు లెక్క ఇవాళ్టికి అలవాటైంది. ఇక్కడ అన్నీ వేలల్లోనే. మొదటిరోజు వీధి చివర ఫ్లాస్కుతో నిలబడ్డ ఆయన చిన్న కప్పు కాఫీకి రెండు వేల పెసోలు అనగానే గుండె గుభేలుమంది, తీరా లెక్కేస్తే నలభై రూపాయలకి కాస్త పైన. పాలు లేని ఆ కాఫీని తింతో అంటారు. థాంక్స్ చెబితే ఇక్కడివాళ్ళు "కోన్ గుస్తో" అంటారు, సంతోషంగా చేశాను అని. అది వినడం కోసం రోజుకి మూడుసార్లు తాగుతున్నాను.

పదింటికి సెంటర్‌కి వెళ్ళాను. బొతేరో ఈ ఊళ్ళో పుట్టిన శిల్పి. ఆయన పేరు పెట్టిన ప్లాజాలో ఆయన తన ఊరికి ఇచ్చిన 23 కంచు విగ్రహాలున్నాయి. అన్నీ బొద్దుగా, నున్నగా ఉంటాయి, జనం తాకీ తాకీ కొన్నిచోట్ల నల్లరంగు పోయి బంగారంలా మెరుస్తున్నాయి. చుట్టూ ఒకటే సందడి. టోపీలు, లాటరీ టికెట్లు, బళ్ళమీద పచ్చిమామిడి. అవును, పచ్చిమామిడే! పుల్లటి కాయని సన్నగా పొడుగ్గా తరిగి, ప్లాస్టిక్ గ్లాసులో నింపి, ఉప్పు చల్లి నిమ్మకాయ పిండి ఇచ్చింది ఒకావిడ. నోట్లో పెట్టుకోగానే స్కూలు గేటు బయట బండి గుర్తొచ్చింది. కారం ఒక్కటే తక్కువ.

అక్కణ్ణించి సాన్ ఆంతోనియో పార్కుకి నడిచాను. నిజానికి ఈ ఊళ్ళో నేను చూడాలనుకున్నది ఇదే. బొతేరో చేసిన కంచు పిట్ట అక్కడుంది. 1995 జూన్ 10 రాత్రి పార్కులో సంగీత కార్యక్రమం జరుగుతుండగా ఆ పిట్ట దగ్గర పెట్టిన బాంబు పేలి 23 మంది చనిపోయారు. విగ్రహాన్ని తీసేయొద్దు, అలాగే ఉంచండి అన్నాడట బొతేరో. 2000లో పక్కనే సరిగ్గా అలాంటిదే ఇంకో పిట్టని ఇచ్చాడు. ఇప్పుడు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చిరిగిపోయిన పిట్టకి బాగా దగ్గరగా వెళ్ళాను. కంచు అంత మందంగా ఉంటుందని, అంత మందం కాయితంలా చిరుగుతుందని ఊహించలేదు. లోపలంతా డొల్ల. దాని నీడలో ఇద్దరు స్కూలు పిల్లలు కూర్చుని చిప్స్ తింటున్నారు.

ఈ ఊరి పేరు చెప్పగానే ఇంట్లో అందరూ అడిగింది డ్రగ్స్ ముఠాల గురించే. అమ్మ అయితే ఇప్పటికీ రోజూ రాత్రి "ఒక్కదానివే తిరగకే" అంటుంది. ఆ రోజులు అబద్ధం కాదు, ఆ పిట్టే సాక్ష్యం. కానీ బాంబు పేలిన ఆ ఏడాదే నవంబరులో ఇక్కడ మెట్రో మొదలైంది, దేశం మొత్తంలో ఇప్పటికీ నడుస్తున్న మెట్రో ఇదొక్కటే. దాన్ని జనం చూసుకునే తీరు చూడాలి. ముప్ఫై ఏళ్ళ వయసున్న స్టేషన్‌లో గోడమీద ఒక్క గీత లేదు, రైల్లో ఎవరూ ఏమీ తినరు.

మధ్యాహ్నం భోజనం ఒక చిన్న హోటల్లో. సూపు, అన్నం, రాజ్మాలాంటి చిక్కుడుగింజల కూర, వేయించిన అరటిపండు ముక్కలు, అరేపా అనే మొక్కజొన్న రొట్టె, గ్లాసుడు పళ్ళరసం, అన్నీ కలిపి పదిహేను వేల పెసోలు, అంటే మూడు వందల రూపాయల పైచిలుకు. మాంసం వద్దంటే దాని బదులు గుడ్డు వేసిచ్చారు. చవకే. నాకు చవక అని రాసుకోవాలి, మా వీధిలో గదులు తుడిచే అమ్మాయికి కాదు, ఆమె ఇంటినుంచి డబ్బా తెచ్చుకుంటుంది.

మూడింటికి అసెవేదో స్టేషన్లో దిగి కేబుల్ కారు ఎక్కాను. కొండమీది బస్తీల వాళ్ళు రోజూ పనులకి దిగి రావడానికి 2004లో కట్టిన లైను ఇది. మెట్రో టికెట్టే దీనికీ చెల్లుతుంది. నాతోపాటు ఎక్కినవాళ్ళలో ఒకావిడ ఒళ్ళో కూరగాయల సంచి, ఇంకొకతని కాళ్ళ దగ్గర సిమెంటు తాపీ. కింద ఇటుక ఇళ్ళు ఒకదానిమీద ఒకటి, రేకుల మీద గాలికి ఎగరకుండా పెట్టిన రాళ్ళు, ఆరేసిన యూనిఫాంలు. ఒకప్పుడు ఈ మెట్లన్నీ నడిచి దిగి, మళ్ళీ రాత్రికి ఎక్కేవాళ్ళంటే నా మోకాళ్ళు లాగాయి.

సాంతో దొమింగోలో దిగానో లేదో ఉరుములు మొదలయ్యాయి. పిడుగులు పడేటప్పుడు కేబుల్ కారు ఆపేస్తారు. తడుస్తూ ఒక కిరాణా కొట్టులో దూరాను. కొట్టావిడకి అరవై ఉంటాయేమో, "రా, మి ఆమోర్" అని స్టూలు వేసింది. మనవైపు "రామ్మా, బంగారం" అన్నట్టే, ఈ ఊళ్ళో కొట్లవాళ్ళు అందరినీ అలాగే పిలుస్తారు. వేడివేడిగా ఒక గ్లాసు ఇచ్చింది, అందులో చీజ్ ముక్కలు. ఒక గుక్క తాగి ఆగిపోయాను. బెల్లం నీళ్ళు! అగ్వాపనేలా అంటారట. ఏంటిదని అడిగితే అలమరలోంచి గుండ్రటి బెల్లం అచ్చు తీసి చూపించింది, అచ్చం మన అనకాపల్లి బెల్లం రంగు. బెల్లం తయారీలో ప్రపంచంలో మన తర్వాత వీళ్ళే.

ఫోన్లో అనువాదం పెట్టుకుని ఆవిడకి పానకం గురించి చెప్పాను, శ్రీరామనవమికి మిరియాలు, యాలకులు వేస్తామని, చల్లగా తాగుతామని. మిరియాలా అని ముక్కు చిట్లించింది. మీ భాషలో దీన్నేమంటారు అని అడిగితే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూపించాను. రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే వీళ్ళకి "జ" కదా, "బెజామ్" అని చదివింది. మెదెజీన్‌ని ఆరు నెలలుగా మెడెల్లిన్ అంటూ వచ్చినదాన్ని, నేనేం దిద్దుతాను. ఇద్దరం బెజామ్, బెజామ్ అనుకుంటూ నవ్వుకున్నాం.

ముప్పావుగంటకి వాన తగ్గి కేబుల్ కార్లు మళ్ళీ కదిలాయి. రేపు పొద్దున్నే మినోరిస్తా మార్కెట్టుకి వెళ్ళాలి. మిరియాలు దొరుకుతాయి, యాలకుల సంగతే చూడాలి. దొరికితే సాయంత్రం మళ్ళీ పైకి వెళ్తాను.