110కి 10 కలిపితే 11010: జావాస్క్రిప్ట్‌తో నా అనుభవం

నిన్న రాత్రి పదకొండున్నరకి మా బాబాయి టిఫిన్ సెంటర్ బిల్లు పేజీ సరైన లెక్క చూపించింది. ఆ సంతోషంలోనే రాస్తున్నాను.

నేను బీకామ్. పాప స్కూల్లో చేరాక అమీర్‌పేటలో వెబ్ పేజీలు చేయడం నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. పేజీని కట్టే హెచ్‌టీఎమ్‌ఎల్, దానికి రంగులూ రూపమూ ఇచ్చే సీఎస్‌ఎస్ త్వరగానే వచ్చేశాయి. పేజీ చేత పనులు చేయించే భాష జావాస్క్రిప్ట్. అందులో బటన్ నొక్కితే మెనూ తెరుచుకునేలా చేయడం కూడా కష్టం కాలేదు.

దెబ్బ తగిలింది డెమో రోజు. నా పేజీలో ఇడ్లీ ప్లేటు 30, దోసె 50. ఎన్ని ప్లేట్లో కొడితే మొత్తం వస్తుంది, పార్సిల్ ఛార్జీకి వేరే గడి. ఇంట్లో ఇరవైసార్లు చూసుకున్నాను, ప్రతిసారీ సరిగ్గానే వచ్చింది. సార్ వచ్చి రెండు ఇడ్లీ, ఒక దోసె కొట్టి, పార్సిల్ గడిలో 10 వేశారు. 120 రావాల్సిన చోట 11010 వచ్చింది.

"ఏమ్మా, మీ ఊళ్ళో టిఫిన్ పదకొండు వేలా? కామర్స్ వాళ్ళకి కూడికలైనా వస్తాయనుకున్నా" అన్నారు. క్లాసంతా నవ్వింది. కారణం మాత్రం చెప్పకుండా తర్వాతివాళ్ళని పిలిచారు. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి ఏడ్చాను.

నాలుగు రాత్రులు పాప పడుకున్నాక అదే పని. గుణకారం సరిగ్గా వస్తోంది, కూడిక మాత్రం రావడం లేదు! చివరికి ఎఫ్12 నొక్కి, కన్సోల్‌లో (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి చూసుకునే చోటు) టైప్ఆఫ్ (విలువ ఏ రకమో చెప్పే మాట) పెట్టి పార్సిల్ గడి విలువని అడిగితే 'స్ట్రింగ్', అంటే అక్షరాల వరుస, అంది. మనం కొట్టింది అంకెలే అయినా బ్రౌజర్ వాటిని అక్షరాలుగానే అందిస్తుంది. గుణకారం గుర్తు కనిపిస్తే జావాస్క్రిప్ట్ తనే వాటిని అంకెలుగా మార్చుకుంటుంది. ప్లస్ అలా కాదు, ఒకవైపు స్ట్రింగ్ ఉంటే రెండిటినీ అతికించేస్తుంది. 110 పక్కన 10 అతుక్కుంది. ఇంట్లో నేను పార్సిల్ గడి ఖాళీగా వదిలేసేదాన్ని. ఖాళీ అతుక్కుంటే 110 అలాగే కనిపిస్తుంది, అందుకే తప్పు బయటపడలేదు. పార్సిల్ గడి విలువని, అంకెగా మార్చే నంబర్ ఫంక్షన్‌లో పెట్టగానే 120 వచ్చింది.

బ్రెండన్ ఐక్ 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పది రోజుల్లో ఈ భాష మొదటి రూపం తయారుచేశాడని, జావా వేరు జావాస్క్రిప్ట్ వేరని ఆ సార్ రెండు క్లాసులు చెప్పారు. గడిలోది స్ట్రింగ్‌గా వస్తుందన్న ఒక్క మాట చెప్పలేదు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళని నవ్వులపాలు చేసేవాడు ఎంత తెలిసినవాడైనా గురువు కాడు. ఫీజు మొత్తం ముందే కట్టకండి. రెండు క్లాసులు కూర్చుని, ఒక డౌట్ అడిగి, ఎలా జవాబిస్తారో చూడండి. మొదటిరోజే కన్సోల్ తెరవడం నేర్చుకోండి.

పొద్దున బాబాయి ఫోన్‌లో బిల్లు చూసుకుని, "అమ్మాయ్, రోజు మొత్తం బిల్లులు ఇందులోనే దాచొచ్చా?" అని అడిగారు. పేజీ రిఫ్రెష్ చేస్తే అన్నీ పోతున్నాయి కాబట్టి, వివరాలని బ్రౌజర్‌లోనే దాచే లోకల్ స్టోరేజ్ మొదలుపెట్టాను. అదీ అన్నిటినీ స్ట్రింగులుగానే దాచుకుంటుంది. ఈసారి వాటిని బయటికి తీసే లైను రాసేటప్పుడే నంబర్ పెట్టేశాను.