వరి విత్తనం ఏరడానికి ఉప్పునీళ్ళు, ఒక తాజా గుడ్డు

విత్తన వడ్లను మామూలు నీళ్ళలో పోసి, తేలిన తాలు తీసేసి, మునిగినవన్నీ గట్టి గింజలే అనుకోవడం మనకు అలవాటు. అది సగం పనే. నీటి సాంద్రత 1. గింజది 1.02 ఉన్నా చాలు, అడుక్కి పోతుంది. లోపలి బియ్యపు గింజ సాంద్రత సుమారు 1.4. కానీ వడ్ల గింజంటే బియ్యం ఒక్కటే కాదు, పొట్టూ, ఆ పొట్టు కింద చిక్కుకున్న గాలీ కలిపి. పాలు సరిగ్గా పోసుకోని గింజలో గాలి వాటా ఎక్కువ, అయినా మామూలు నీళ్ళలో మునిగిపోతుంది. దాన్ని పైకి తేవాలంటే నీళ్ళనే బరువెక్కించాలి.

జపాన్‌లో వ్యవసాయ శాస్త్రవేత్త యోకోయి తోకియోషి 1882లో రూపొందించిన పద్ధతి ఇదే. అక్కడ మామూలు వరికి 1.13, జిగురు వరికి 1.08 సాంద్రత వాడతారు. 10 లీటర్ల నీళ్ళలో సుమారు 900 గ్రాముల ఉప్పు కరిగిస్తే 1.06, 1.25 కిలోలకు 1.08, 2.1 కిలోలకు 1.13 వస్తుంది. కల్లుప్పులో చెమ్మ, మట్టి ఉంటాయి కాబట్టి తూకాన్ని పూర్తిగా నమ్మొద్దు. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు లేకపోతే గుడ్డు ఉంది. తాజా గుడ్డు సాంద్రత 1.08 దరిదాపుల్లో ఉంటుంది. ఉప్పు కొంచెం కొంచెం కలుపుతూ పోతే ఒక దశలో గుడ్డు లేచి, పైభాగం పావలా బిళ్ళంత బయటికి కనిపిస్తుంది. అక్కడ ఆపండి. నిల్వ గుడ్డు మాత్రం పనికిరాదు. లోపలి గాలి గది పెరిగి ముందే తేలుతుంది, మీ ద్రావణం పలచనగా మిగిలిపోతుంది. ముందుగా మామూలు నీళ్ళలో వేసి చూడండి: అడుగున అడ్డంగా పడుకుంటేనే తాజాది.

విత్తనం కొద్దికొద్దిగా పోసి చేత్తో బాగా కలపండి. పొట్టు మీది నూగుకు గాలి బుడగలు పట్టుకుంటే గట్టి గింజలు కూడా తేలతాయి. చాలామంది ‘విత్తనం సగం పోయింది’ అని గాభరా పడేది ఇక్కడే. కలిపాక కూడా మరీ ఎక్కువ తేలుతుంటే ఆ రకానికి సాంద్రత ఎక్కువైనట్టే, కాసిన్ని నీళ్ళు కలిపి 1.06 వైపు దించండి. తేలినవి వెంటనే జల్లెడతో తీసేయాలి. ఆలస్యమైతే తాలులోకి నీరు దూరి అవీ మునుగుతాయి. తడి విత్తనం అదే ద్రావణంలో పోస్తూ పోతే అది పలచబడుతుంది, మధ్యమధ్య గుడ్డు మళ్ళీ వేసి చూసుకోవాలి.

మునిగిన విత్తనాన్ని అప్పటికప్పుడే రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడగండి. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. విత్తనశుద్ధి మందు పట్టించడం, నానబెట్టి మండె కట్టడం (మొలకెత్తడానికి గోనెలో మూట కట్టి ఉంచడం) ఆ తర్వాతే. తేలినవి కడిగి ఆరబెట్టి కోళ్ళకు వేయొచ్చు, మందు పట్టించి అమ్మిన విత్తనమైతే వద్దు. ఉప్పునీళ్ళు నారుమడిలో పారబోయకండి.