సమానమైన ప్రశ్నలు, వంగిన కొలబద్ద

ఒటావాలో పరీక్షల గణాంకాలు చూసే ఉద్యోగం నాది. ఒక పఠన పరీక్షలోని ప్రశ్నలు ఇంగ్లీషు, ఫ్రెంచి పిల్లలకు సమానంగానే ఉన్నాయని నివేదిక చదివి ముగించగానే, సడ్‌బరీ నుంచి వచ్చిన ఒక ఫ్రెంచి ఉపాధ్యాయురాలు, "మొత్తం మార్కులు సమానంగా వచ్చిన పిల్లలనే కదా మీరు పోల్చారు, ఆ మొత్తమే మా పిల్లలను తక్కువగా చూపిస్తుంటే మీ లెక్కకు ఎలా తెలుస్తుంది?" అని అందరి ముందూ నిలదీశారు.

ఆమె అడిగింది న్యాయమే. సమాన మార్కుల పిల్లలను జతపరిచి, ఒక్కో ప్రశ్నకు ఎవరు ఎక్కువగా సరైన జవాబు రాశారో చూడడమే ఈ పద్ధతి. ఒకటి రెండు ప్రశ్నలు ఒక పక్షానికి ఒరిగితే పట్టుబడతాయి గానీ, అన్నీ ఒకే మేరకు ఒరిగితే ఏదీ పట్టుబడదు. అయినా నాకు రోషం వచ్చింది. మా ఇద్దరి ఊళ్లూ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో బడి ఫ్రెంచిదైనా బజారు ఇంగ్లీషుది. కెనడా రాజ్యాంగంలో భాగమైన 1982 నాటి హక్కుల పత్రంలోని 23వ సెక్షన్ భాషాపరమైన అల్పసంఖ్యాకులకు వారి భాషలో బడి ఇచ్చింది గానీ, ఆటస్థలంలో ఆ భాష మాట్లాడే స్నేహితులను ఇవ్వలేదు. పఠనంలో ఫ్రెంచి పిల్లల వెనుకబాటు అంతటినీ ప్రశ్నల అనువాదం నెత్తిన రుద్దడం కుదరదని వాదించాను. ఫ్రెంచి పాఠం నిడివి ఎక్కువ, గడియారం మాత్రం ఇద్దరికీ ఒక్కటేనని ఆమె బదులిచ్చారు.

నా రోషానికి అసలు కారణం వేరే ఉందనుకుంటాను. పదిహేనేళ్ల పిల్లలకు అనేక దేశాల్లో పెట్టే పీసా పరీక్షకు ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ మూలభాషలే, అంటే మిగతా భాషల అనువాదాలకు ఈ రెండు పాఠాలే ఆధారం. ఫ్రెంచి మూలాన్ని సిద్ధం చేస్తున్నప్పుడు బయటపడిన అస్పష్టతలను ఇంగ్లీషు మూలంలోనూ దిద్దుతారు. తెలుగు మాధ్యమంలో చదివి, రెండు భాషల్లో అచ్చైన ఉద్యోగ పరీక్షలు రాసిన నాకు ఇది నమ్మశక్యం కాలేదు. తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రామాణికమన్న సూచనను మనమెవరం ప్రశ్నించలేదు. తెలుగు వాక్యం అర్థం కాకపోతే పక్కనున్న ఇంగ్లీషు చూసుకుని, ఆ పోయిన నిమిషాలను మన లెక్కలోనే వేసుకున్నాం. ఇంత జాగ్రత్త దక్కినవారు ఇంకా ఫిర్యాదు చేస్తున్నారేమిటని నాకు అనిపించింది. అది ఆమెకు జవాబు కాదని నాకూ తెలుసు. జాగ్రత్త దక్కినవారికే ఫిర్యాదు చేసే భాష కూడా దక్కుతుంది.

మన పరీక్షల్లో మాధ్యమాలవారీగా, ప్రశ్నలవారీగా జవాబుల పట్టికలు ఎవరైనా ఇస్తే, ఈ లోపమున్న లెక్కనైనా సెలవు రోజుల్లో ఉచితంగా చేసిపెడతాను.