ముందు ఆగడం, తర్వాతే ఆట

చిన్నపిల్లల పీటీ పీరియడ్ అంటే బంతి ఇచ్చి వదిలేయడమే అనుకునేవాళ్లని ఒక్క పూట గ్రౌండ్‌లో నిలబెట్టాలనిపిస్తుంది. ఒకటో తరగతి పిల్లలకి ఆట కన్నా ముందు ఆగడం నేర్పాలి. విజిల్ వినపడగానే చేతిలో ఉన్నది కింద పెట్టి, కదలకుండా నిలబడాలి. మొదట్లో దాన్నే ఆటగా ఆడించాను: పరుగు, విజిల్, బొమ్మలా ఆగిపోవడం. బంతులు బయటికే తీయలేదు. చేతికి బంతిచ్చాక "వినండి" అంటే ఎవరు వింటారు!

రూల్స్ నాలుగైదు చాలు. "తోసుకోవద్దు" అంటే వాళ్లకి తోయడమే గుర్తుంటుంది. "చేతులు చాచి చుట్టూ తిరుగు, ఎవరికీ తగలకూడదు" అంటే వాళ్లే ఎడంగా జరుగుతారు.

ఒక్క బంతికి ఇరవై మందిని లైన్లో పెట్టడం నాకస్సలు నచ్చదు. ఆడేది తక్కువ, గిల్లుకునేది ఎక్కువ. ఔటైనవాళ్లని కూర్చోబెట్టే ఆటలూ అంతే. ఎవరు ఎక్కువ ఆడాలో వాళ్లే ముందు ఔటవుతారు. 5 ఏళ్లు దాటిన పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అందులో మన పీరియడ్ ఎంత, లేసులు కట్టడానికి పోయేదెంత!

లేసుల గురించి విడిగా ఒక పోస్ట్ రాయొచ్చు. ఒకడికి కడుతుంటే ఇంకో నలుగురు బూట్లు ముందుకు చాపుతారు, బాగానే ఉన్న ముడి విప్పుకుని మరీ. అందుకే ఇప్పుడు లేసులు, నీళ్లు, బాత్రూమ్ అన్నీ క్లాసులోంచి బయల్దేరకముందే. మధ్యలో ఎవరైనా బాత్రూమ్ అంటే మాత్రం ఏ రూలూ లేదు, పంపేస్తాను.