తలనొప్పి కంటే ముందు ఆవలింతలు వచ్చేవి

నాది సైనస్ అనే ఆరేళ్ళు అనుకున్నా. నొప్పి ఎప్పుడొచ్చినా ఎడమ కణత దగ్గరే పొడిచేది, ఆ పక్క కంట్లోంచి నీళ్ళు కారేవి, ముక్కు దిబ్బడేసేది, ఇంక సైనస్ కాకపోతే ఏంటి అని ఆవిరి పట్టడం, యాంటీబయాటిక్స్ వాడటం, అయినా రెండు వారాలు తిరక్కుండానే మళ్ళీ అదే. తీరా స్కాన్ తీస్తే సైనస్‌లు శుభ్రంగా ఉన్నాయి. మైగ్రేన్‌లో కూడా ముక్కు దిబ్బడ, కంట్లో నీళ్ళు వస్తాయని నాకప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

నొప్పి వస్తే ఫ్రిజ్ మోత కూడా భరించలేకపోయేదాన్ని. వాంతి అయ్యేది. అన్నిటికంటే తల దువ్వుకోవడం నరకం, దువ్వెన పళ్ళు తగిలితే చాలు చర్మం మండిపోయేది, జడ విప్పేసి పడుకునేదాన్ని.

ఒకరోజు ఫోన్‌లో మెసేజ్ చదువుతుంటే మధ్యలో అక్షరాలు మాయమైపోయాయి. ఆ ఖాళీ చుట్టూ మెరుస్తూ రంపం పళ్ళలాంటి గీత, మెల్లగా పెద్దదవుతూ పక్కకి జరుగుతోంది. ఒక కన్ను మూశా, ఇంకోటి మూశా, రెండిట్లోనూ అదే. ఇరవై నిమిషాలకి పోయింది, తర్వాత నొప్పి మొదలైంది. చాలా భయమేసింది. దాన్ని ఆరా అంటారని, అది కంట్లోది కాదు మెదడులోదని న్యూరాలజిస్ట్ చెప్పారు. (మొదటిసారి ఇలా అయితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించుకోండి, చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా, ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.)

ఆవిడ అడిగిన ఒక ప్రశ్న నన్ను మార్చేసింది. "నొప్పి రావడానికి ముందురోజు ఎలా ఉంటావమ్మా?" నా దగ్గర జవాబు లేదు. రెండు నెలలు డైరీ రాశా. ముందురోజు సాయంత్రం నిద్ర సరిపోయినా ఆగకుండా ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి తినాలని పిచ్చి కోరిక. చాక్లెట్ తిన్నందుకే నొప్పొస్తోందని ఎన్నేళ్ళు నన్ను నేను తిట్టుకున్నానో! అసలు మైగ్రేన్ అప్పటికే మొదలైపోయింది కాబట్టే తీపి తినాలనిపించేది.

డైరీలో ఇంకోటి కూడా బయటపడింది, నెలకి 17, 18 రోజులు పెయిన్ కిల్లర్ వేసుకుంటున్నా. నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకి పైగా అలా వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయట. మానేసిన మొదటి పది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. తర్వాత రోజూ వేసుకోవడానికి ప్రొప్రనొలాల్ ఇచ్చారు, నొప్పి మొదలవ్వగానే వేసుకోవడానికి సుమాట్రిప్టాన్, దాంతోపాటు వాంతి మాత్ర, ఎందుకంటే అటాక్‌లో కడుపు మందగించి మాత్ర సరిగా ఒంటికి పట్టదు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఇవి పడకపోవచ్చు, కాబట్టి నా మందులు చూసి మీరు కొనుక్కోకండి, ప్లీజ్.

నెలకి ఎనిమిది సార్లు వచ్చేది ఆరు నెలలకి రెండుకి తగ్గింది. పూర్తిగా పోలేదు.

మొన్న సాయంత్రం వరసగా ఆవలింతలు మొదలయ్యాయి. ఇంట్లో చెప్పేసి, స్క్రీన్ కట్టేసి, టైముకి తినేసి పడుకున్నా. తెల్లవారుజామున కణత దగ్గర చిన్నగా కొట్టుకోవడం మొదలవగానే మాత్ర వేసుకున్నా. ఎనిమిదింటికి లేచి దువ్వెన తీసుకుని మెల్లగా నెత్తి మీద పెట్టి చూశా, మండలేదు, నింపాదిగా జడ వేసుకున్నా.