పెద్ద స్క్రీన్ ఫోన్: అంగుళాలు కాదు, వెడల్పు చూడండి

బాక్సు మీది అంగుళాలు మూల నుంచి మూలకు కొలత. పాత 5.5 అంగుళాల 16:9 (పొడవు, వెడల్పుల నిష్పత్తి) స్క్రీన్ వెడల్పు దాదాపు 68.5 మి.మీ. ఇప్పటి 6.7 అంగుళాల 20:9 స్క్రీన్‌ది 70 మి.మీ. లోపే. పెరిగిందంతా పొడవే! కాబట్టి అక్షరాలు పెద్దగా కనిపిస్తాయని మారితే డబ్బు దండగ. ముందు ఉన్న ఫోన్‌లోనే సెట్టింగ్స్, డిస్‌ప్లేలోకి వెళ్లి ఫాంట్ సైజు ఒక మెట్టు పెంచండి. 'రాష్ట్రం' లాంటి మాటల్లో వత్తులు విడిగా కనిపిస్తే పని అయిపోయినట్టే. మరీ పెంచితే కొన్ని యాప్‌లలో బటన్ల మీద మాటలు తెగిపోతాయి.

20:9లోనే 6.1 నుంచి 6.7కి వెళ్తే మాత్రం వెడల్పు 6 మి.మీ. పెరుగుతుంది. అది బొటనవేలికి బాగా తెలుస్తుంది. కొనబోయే మోడల్ బాడీ కొలతలకు కవర్ కోసం రెండు మూడు మి.మీ. కలిపి అట్టముక్క కత్తిరించండి. బెంగళూరు మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కి ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేతిలో అట్ట పెట్టుకుని బొటనవేలు దాని పైమూలకు అందుతుందో లేదో చూడండి. నవ్వేవాళ్లు నవ్వనీ.

పగిలితే ఖర్చూ ముందే కనుక్కోండి. రిపేరు షాపులో అమోలెడ్ (తనంతట తానే వెలిగే రకం) స్క్రీన్ బదులు చవక ఎల్‌సీడీ వేస్తే, స్క్రీన్ కింద ఉండే ఆప్టికల్ (కాంతితో వేలిముద్ర చదివే) ఫింగర్‌ప్రింట్ పనిచేయదు: ఎల్‌సీడీకి వెనక నుంచి వెలుగిచ్చే బ్యాక్‌లైట్ పొర అడ్డొస్తుంది.